ఒడిస్సీ పది పాదాలు నేర్చుకున్న కథ

హోమర్ రాసిన ప్రాచీన గ్రీకు కావ్యం ఒడిస్సీని గ్రీకులోనే చదవాలని కూర్చున్నాను. మొత్తం 12,109 పాదాలు. నాకంత సీన్ లేదు కాబట్టి మొదటి పది పాదాలు కంఠతా వస్తే చాలనుకున్నాను. 24 అక్షరాలు వారంలో పట్టుబడ్డాయి. అర్థాలకి పర్సియస్ సైట్ ఉంది. ఏ మాట మీద నొక్కినా విభక్తితో సహా చెప్పేస్తుంది.

టెన్షనంతా ఛందస్సు దగ్గరే. ‘డాక్టిలిక్ హెక్సామీటర్’ అన్న పేరుకే సగం భయపడ్డాను. తీరా చూస్తే డాక్టిల్ అంటే గురువు, లఘువు, లఘువు. మన భగణం! పాదానికి ఆరు గణాలు. భగణం బదులు రెండు గురువులు రావచ్చు. చివరి గణంలో ఎప్పుడూ రెండక్షరాలే. పదో తరగతిలో మార్కుల కోసం చేసిన గణ విభజన ఇన్నేళ్లకు పనికొచ్చింది.

మొదటి పాదాన్ని తెలుగులో రాసుకుని గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను: ‘అన్ద్ర మొయ్ ఎన్నెపె మూస పొలుత్రొపొన్ హొస్ మల పొల్ల’. ‘అన్’ గురువు, ‘ద్ర’ లఘువు, ‘మొయ్’ దగ్గర బండి ఆగిపోయింది. మన లెక్కలో అది గురువు, అక్కడ కావలసింది లఘువు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది: పక్క మాట అచ్చుతో మొదలైతే హోమర్ దాన్ని సాధారణంగా తేల్చి లఘువు చేసేస్తాడట. ‘పొన్’ కూడా తిప్పలు పెట్టింది. ‘హొస్’లోని హకారాన్ని వాళ్లు హల్లుగా లెక్కపెట్టరు. అందుకని ముందున్న నకారం దాని మీదికి జారిపోయి ‘పొ’ లఘువుగా మిగులుతుంది. ‘లు’ మాత్రం ‘త్రొ’కి ముందుంది కాబట్టి గురువు, అచ్చం మన సూత్రమే. మొత్తం ఐదు భగణాలు, ఆపైన ‘పొల్ల’. మానిని వృత్తం చదివినవాళ్లకి ఈ నడక కొత్తగా ఉండదు.

అర్థం దగ్గర ఇంకో సరదా. మొదటి మాటే ‘మనిషిని’. ఇంగ్లీషు అనువాదాల్లో అది వెనక్కి జరిగిపోతుంది. మనకా బాధ లేదు: ‘మనిషి గురించి నాకు చెప్పు తల్లీ’. తల్లి అంటే ఆ పాదంలోని ‘మూస’, కవితా దేవత. ‘పొలుత్రొపొన్’ మాత్రం లొంగలేదు. పొలు అంటే అనేకం, త్రొపొస్ అంటే మలుపు. ఎన్నో మలుపులు తిరిగినవాడా, ఎదుటివాళ్లని ఎన్ని రకాలుగానైనా తిప్పగలవాడా? రెండూ వస్తాయి. నేను మొదట ‘తిరుగుబోతు’ అని రాసి, కొట్టేశాను. పూర్తిగా తప్పని ఇప్పటికీ అనిపించదు. పదో పాదంలో కూతురు అనడానికి ‘థుగతెర్’ అని ఉంది. మన సంస్కృతం ‘దుహిత’కి చుట్టమే.

మూడు వారాలకి పదీ వచ్చాయి. హాల్లో నడుస్తూ వల్లె వేస్తుంటే అమ్మ అడిగింది.

‘ఏం స్తోత్రంరా అది?’

ఒక రకంగా స్తోత్రమే, కవి దేవతని పిలుస్తున్నాడు అన్నాను. ట్రాయ్ నగరాన్ని కూల్చి ఇంటికి బయలుదేరిన ఒకాయన సముద్రం మీద పడిన కష్టాలు, సూర్యుడి ఎడ్లని తిని ఇల్లు చేరే రోజునే పోగొట్టుకున్న ఆయన తోటివాళ్లు, అన్నీ చెప్పాను.

‘ఇంతకీ ఎవరాయన? పేరేది?’

మళ్లీ వెతికి చూశాను. పది పాదాల్లోనూ లేదు! ఒదుస్సెయుస్ పేరు 21వ పాదంలో గానీ రాదు. పేరు లేకుండా ఆపితే అమ్మ ఊరుకునేలా లేదు. ఇప్పుడు 14వ పాదంలో, ఆయన్ని కదలనివ్వకుండా ఆపేసిన దేవకన్య కలిప్సో దగ్గర నేనూ ఇరుక్కుని ఉన్నాను.