తోట ప్లాన్‌లో వేళలు వేయడం మర్చిపోయాను

రోజు 1

పెరట్లో 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఖాళీ జాగా ఉంది. ఇన్నాళ్లూ విరిగిన కుర్చీలు, పాత డబ్బాలు పడేసుకున్న చోటు. అందులో కూరగాయలు పండించాలని, సీతాకోకచిలుకలూ తేనెటీగలూ వచ్చేలా కాసిన్ని పూలమొక్కలు కూడా పెట్టాలని కోరిక. నా అనుభవం అంటారా, రెండు కుండీలు పెంచాను, అందులో ఒకటి ఎండిపోయింది.

విత్తనాల జోలికి పోకుండా ముందు ఎండ లెక్క తీశాను. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా రెండు గంటలకోసారి వెళ్లి, నీడ అంచు ఎక్కడుందో అక్కడ పుల్ల గుచ్చడం. అంతే పని. పడమటి గోడ వెంట రోజుకు నాలుగు గంటలే ఎండ పడుతోంది, మిగతా చోట ఏడు దాటుతోంది. టమాటా, వంగ, బెండ, పాదులు లాంటి కాయ కాసేవాటికి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు నాలుగు గంటలతో సర్దుకుంటాయి.

ఇంతవరకూ బాగానే చేశాను. ఆ తర్వాత కాగితం మీద గోడ పక్క స్థలానికి "పూలు" అని రాశాను. పూలే కదా, ఎక్కడైనా పూస్తాయిలే అనుకున్నా. అమ్మ చూసి, "ఆ మూల ఎండ రాదురా, పూలు ఏడుస్తాయి" అంది. వినలేదు.

రోజు 4

మట్టి పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా గిలక్కొట్టి కదలకుండా పెట్టాను. ఇసుక నిమిషంలో అడుక్కి దిగింది. దాని మీద ఒండ్రు పేరుకోవడానికి రెండు గంటలు పట్టింది. బంకమన్ను పూర్తిగా దిగేసరికి రెండో రోజు. మొత్తం 10 సెంటీమీటర్లలో ఇసుక 3, ఒండ్రు 3, బంక 4. అంటే బరువు నేల. నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, కానీ త్వరగా ఇంకనివ్వదు.

దాన్నీ చూద్దామని అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపాను. అవి ఇంకాక మళ్లీ నింపి, రెండోసారి ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలిచాను. గంటకు ఒకటిన్నర సెంటీమీటరు. రెండున్నర నుంచి అయిదు మధ్యలో ఉంటే మేలు. కాబట్టి మడులు నేల కంటే ఆరు అంగుళాలు ఎత్తుగా కట్టాలి.

రోజు 9

మొదట ఒకే పెద్ద మడి, 6 అడుగుల వెడల్పు అనుకున్నాను. తవ్వే ముందు గట్టు మీద గొంతుక్కూర్చుని చెయ్యి చాపి చూశా. రెండడుగుల దాకానే అందింది! మధ్యలో కలుపు తీయాలంటే మడిలోకి దిగాలి, దిగితే మట్టి గట్టిపడుతుంది. అందుకని వెడల్పును ఇలా మార్చాను: గోడ పక్క 2 అడుగుల పూల వరస, ఒకటిన్నర అడుగు దారి, మూడున్నర అడుగుల మడి, మళ్లీ ఒకటిన్నర దారి, ఇంకో మూడున్నర అడుగుల మడి. పొడవు పదేసి అడుగులు.

మట్టి గుప్పిట్లో పిసికితే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. అప్పుడే తవ్వాలి. నేను మొదటి రోజు తడి మీద తవ్వి ఇటుకల్లాంటి గడ్డలు చేసుకున్నాను, వాటిని చితక్కొట్టడానికే ఒక ఆదివారం పోయింది. పైన రెండంగుళాల మందాన కంపోస్టు. ఒక్కో మడికి 165 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్‌తో 11 బకెట్లు. రెండు మడులకు 22. ఈ లెక్క ముందే వేసుకుంటే నాలాగా సగంలో ఆగిపోరు.

రోజు 12

విత్తడం. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, అడుగు ఎడంలో, వరసల మధ్య ఒకటిన్నర అడుగు వదిలి పెట్టాను. గుమ్మడి ఒకే పాదు, మడి చివర. తీగ బయటి ఖాళీలోకి పాకనివ్వచ్చు. బీరకు ఉత్తరం కొసన పందిరి వేశాను, దాని నీడ మిగతావాటి మీద పడకుండా. ఒక మూల కొత్తిమీర. గోడ పక్క బంతి, కాస్మోస్, జినియా.

బంతిలో ముద్దబంతి వద్దని ముందే తీర్మానించుకున్నాను. రేకలు అంత ఒత్తుగా ఉంటే మధ్యలోని తేనె, పుప్పొడి పురుగులకు సరిగా అందవు. ఒంటిరెక్క బంతి చూడ్డానికి కాస్త బీదగా ఉంటుంది గానీ తేనెటీగ వాలేది దాని మీదే.

టమాటా, వంగ నారు ట్రేలో పోశాను.

రోజు 20

నారుకుళ్లు. పొద్దున చూస్తే సగం మొలకలు మొదట్లో నూలుపోగులా సన్నబడి పడిపోయి ఉన్నాయి. ఒత్తుగా చల్లాను, పైగా రోజూ చీకటి పడ్డాక నీళ్లు పోశాను, రాత్రంతా తడి ఆరలేదు. మర్నాడే కొత్త మట్టితో మళ్లీ పోశా. ఈసారి గింజకూ గింజకూ అంగుళం ఎడం, నీళ్లు పొద్దున మాత్రమే. 47వ రోజుకు నాటడానికి వచ్చాయి. టమాటాలు రెండడుగుల ఎడంలో, పక్కన కర్రతో సహా పెట్టాను. తర్వాత కర్ర గుచ్చితే వేళ్లు తెగుతాయి.

మొక్కల చుట్టూ రెండంగుళాల ఎండుటాకులు కప్పాను, కాండానికి తగలకుండా. ఒక చిన్న చోటు మాత్రం ఖాళీ మట్టిగా వదిలేశాను. తేనెటీగ జాతుల్లో ఎక్కువ శాతం తేనెపట్టు పెట్టేవి కావు, ఒంటరిగా నేలలో బొరియ తవ్వుకునేవే. వాటికి ఆకులు కప్పని నేల కావాలి.

రోజు 60

గోడ పక్క కాస్మోస్ నడుము ఎత్తు పెరిగి, ఎండ కోసం ఒకవైపు వాలిపోయింది. ఒక్క మొగ్గ లేదు. అమ్మ ఏమీ అనలేదు, చూసి వెళ్లింది. అదే ఎక్కువ బాధ. ఇంకో విడత కాస్మోస్ గింజలు తెచ్చి మడుల కొసల్లో, ఎండలో వేశాను. గోడ పక్క ఇకనుంచి పాలకూర, తోటకూర.

రోజు 70

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. గుమ్మడికి 58వ రోజు నుంచే మగపూలు వస్తున్నాయి. పదిరోజులకు ఆడపూలు మొదలయ్యాయి. పువ్వు కింద గోళీ అంత పిందె ఉంటే అది ఆడపువ్వు, సన్న కాడ మాత్రమే ఉంటే మగది. మొదటి ఆడపువ్వు పిందె పసుపెక్కి రెండు రోజుల్లో రాలింది, రెండోదీ అదే దారిలో ఉంది. మొక్క బలంగానే ఉంది. నీళ్లు సరిపోతున్నాయి. టెన్షన్‌తో ఎరువు తక్కువైందేమోనని ఇంకో బకెట్ కంపోస్టు కూడా వేశాను, దండగ.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. ఆ కొన్ని గంటల్లో తేనెటీగ మగపువ్వు నుంచి ఆడపువ్వుకు పుప్పొడి మోయాలి. నేను తోటలోకి వెళ్లేది పదిన్నరకు. అప్పటికి పూలు వాడుతూ ఉండేవి, తేనెటీగలు వచ్చాయో లేదో చూసే వీలే లేదు. పొద్దున్నే వెళ్లి అరగంట కూర్చుంటే ఒక్కటీ రాలేదు. ఎందుకొస్తాయి? తోటలో వాటికి వేరే పూలేవీ లేవు.

రోజు 73

ఉదయం 6:30. ఒక మగపువ్వు తెంపి రేకలు ఒలిచేశాను. మధ్యలో పసుపు ముద్దలాంటి కొస, వేలితో తాకితే పొడి అంటుకుంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే భాగం (కీలాగ్రం) మీద మెల్లగా చుట్టూ తిప్పి రాశా. నిమిషం కూడా పట్టదు. నాలుగు రోజుల్లో మూడు ఆడపూలకు ఇలా చేస్తే రెండు నిలిచాయి. పిందె రంగు మారకుండా కాడ బిగుసుకుంటే నిలిచినట్టే.

ఈలోగా నేను కోయకుండా బద్ధకించిన కొత్తిమీర తెల్లగా పూసేసింది. దాని మీద ఎన్ని రకాల పురుగులో! గాల్లో ఒకేచోట నిలబడే చిన్న సిర్ఫిడ్ ఈగలు, గండుచీమ అంత కందిరీగలు, వారం తిరిగేసరికి తేనెటీగలు. కొత్తిమీర వల్లేనని బల్లగుద్ది చెప్పను గానీ, 80వ రోజు తర్వాత గుమ్మడిని చేత్తో తాకాల్సిన పని పడలేదు.

రోజు 88

చిక్కుడు తీగ కొసల్లో పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో కలిపాను, తేనెటీగలు వెళ్లాక సాయంత్రం కొడదామని. తీరా దగ్గరకు వెళ్తే ఆ పేల మధ్య మొసలి పిల్లలాంటి నల్లటి పురుగులు, ఒంటి మీద నారింజ మచ్చలు. అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తినేవి. కలిపిన మందు పారబోశాను. ఆరు రోజుల్లో పేనుబంక చాలావరకు పోయింది.

కుండీలో నిమ్మమొక్క ఆకుల మీద పక్షి రెట్టలు అనుకున్నవి కూడా రెట్టలు కావు, సీతాకోకచిలుక పురుగులు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారాయి. అయిదు ఉంటే నిమ్మ బోడిగా అయ్యింది, వదిలేశాను. మూడోరోజు రెండే మిగిలాయి. తొండ తినిందని నా అనుమానం.

రోజు 92

వంగ మీద తుమ్మెద. వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి గొట్టాల్లో దాగి ఉంటుంది, అదిరిస్తే గానీ రాలదు. తుమ్మెద పువ్వును కాళ్లతో కరుచుకుని వేలాడింది. ఎగిరేటప్పటి మోత ఆగి, సన్నటి జిర్రుమనే శబ్దం వచ్చింది. రెండు సెకన్లు, అంతే. దాని పొట్ట మీద తెల్లటి దుమ్ము. అది రాని రోజు నేనే టమాటా కర్రను నాలుగుసార్లు వేలితో కొడుతున్నాను.

రోజు 112

ఎండలో వేసిన కాస్మోస్ పూసింది. గుమ్మడికాయలు నాలుగు, బెండ రెండు రోజులకోసారి కోత. టమాటాలో మూడు కాయలకు అడుగున నల్లమచ్చ. నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పోసిన పాపం. ఇప్పుడు వేలు రెండు కణుపులు దిగేదాకా గుచ్చి, పొడిగా ఉంటేనే పోస్తున్నాను.

కొత్త కాగితం గీశాను. ఈసారి ప్రతి మొక్క పక్కన ఎడంతో పాటు పువ్వు విచ్చుకునే వేళ కూడా రాశా. గుమ్మడి: తెల్లవారుజాము. బెండ: పొద్దున, ఒక్కరోజే. బీర: సాయంత్రం. కాస్మోస్, జినియా గింజలు గుమ్మడి కంటే మూడు వారాలు ముందు. కొత్తిమీర రెండు విడతలు, ఒకటి కోతకు, ఒకటి పూతకు.

బీర దగ్గర రాసిన వేళ సరిచూద్దామని నిన్న అయిదింటికి పందిరి కింద నిలబడ్డాను. అయిదూ ఇరవైకి మొదటి పసుపు రేక కదిలింది. తర్వాత దోమలు తట్టుకోలేక లోపలికి వచ్చేశా.