మొదటి జీతం వచ్చేదాకా

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. కోస్గి దగ్గర ఊరి పిల్లాడు. మా సెంటర్‌లో మూడు నెలలు ఉండి హోటల్ పని నేర్చుకున్నాడు, గచ్చిబౌలి వైపు ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్‌లో చేరాడు, అప్పటికి సరిగ్గా పంతొమ్మిది రోజులు. "మేడం, నేను ఇంటికి పోతున్న, బస్సు ఎక్కిన" అన్నాడు. ఏమైందిరా అంటే చాలాసేపు ఏమీ చెప్పలేదు, వెనకాల కండక్టర్ టికెట్ టికెట్ అంటున్న చప్పుడు వినిపిస్తోంది. పని కష్టంగా ఉందా అంటే లేదన్నాడు. సూపర్‌వైజర్ తిడుతున్నాడా అంటే, లేదు మేడం, మంచోడే అన్నాడు. చివరికి షాద్‌నగర్ దాటాక చెప్పాడు. హాస్టల్ ఓనర్ అడ్వాన్సు అడిగాడట, రెండు వారాలు ఆగాడట, ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి బ్యాగు మెట్ల మీద పెట్టి ఉందట.

ఆరు వేల కోసం పోయింది ఆ ఉద్యోగం.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఊళ్లకు, తండాలకు వెళ్లి పిల్లలను తీసుకురావడం, వాళ్లు ఉద్యోగంలో చేరాక ఫోన్లు చేసి ఎలా ఉన్నారో కనుక్కుని రిజిస్టర్‌లో రాయడం నా పని. ఆ రాత్రి తర్వాత పాత రిజిస్టర్లన్నీ తీసి ఒక్కొక్క పేరు చూసుకుంటూ పోయాను. మానేసి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి జీతం పడకముందే వచ్చేశారు. మేమేమో అన్నాళ్లూ "పిల్లల్లో సీరియస్‌నెస్ లేదు" అని మీటింగుల్లో చెప్పుకుంటూ వచ్చాం. ఆ మాట నేను కూడా అన్నాను, ఇప్పుడు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

పథకాల్లో ఏముంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పల్లెల్లోని పేద పిల్లల కోసం దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ్ కౌశల్య యోజన అని కేంద్రం 2014 సెప్టెంబర్ 25న మొదలుపెట్టింది. 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు, ఆడపిల్లలకూ వికలాంగులకూ అయితే 45 దాకా. ట్రైనింగ్ ఉచితం, హాస్టల్ ఉన్నచోట అన్నం, పడక కూడా ఉచితమే. సీట్లలో సగం ఎస్సీ ఎస్టీలకు, మొత్తంలో మూడో వంతు ఆడపిల్లలకు. నేర్పినవాళ్లలో నూటికి 70 మందికైనా ఉద్యోగం చూపించాలి, ఆ ఉద్యోగంలో మూడు నెలలు నిలబడితేనే లెక్క. ఉద్యోగంలో చేరాక నెలకు 1,000 రూపాయల చొప్పున కొన్నాళ్లు సాయం చెయ్యాలని కూడా రాసుంది, సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే మూడు, రాష్ట్రం దాటితే ఆరు. అంటే పిల్లాడు కొత్త ఊళ్లో ఇబ్బంది పడతాడని ఈ రూల్స్ రాసినవాళ్లకు తెలుసు. కానీ వెయ్యి రూపాయలతో హైదరాబాద్‌లో ఎన్ని రోజులు గడుస్తాయి? పైగా నేను చూసినంతవరకు అది జీతం స్లిప్పు చూపించాకే చేతికొస్తుంది. స్లిప్పు వచ్చేనాటికి ఆ పిల్లాడు ఊళ్లో బావి దగ్గర కూర్చుని ఉంటాడు.

ఇంకో సంగతి, మా పాలమూరువాళ్లకు మాత్రమే బాగా అర్థమయ్యేది. ఇక్కడ పిల్లలను పనికి తీసుకుపోవడానికి మాకంటే చాలా ముందునుంచీ ఒక మనిషి ఉన్నాడు, గుంపు మేస్త్రీ. నాగార్జునసాగర్ నుంచి మొదలుపెట్టి దేశంలో ఎన్ని ప్రాజెక్టుల దగ్గర పాలమూరు లేబర్ మట్టి మోసిందో అందరికీ తెలుసు, ఇప్పటికీ ముంబై, పూణె పోయే బస్సుల్లో మావాళ్లే ఉంటారు. ఆ మేస్త్రీ దసరా ముందో ఉగాది ముందో ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, అడ్వాన్సు ముందే లెక్కపెట్టి తండ్రి చేతిలో పెడతాడు. అది అప్పే, దానికి ఏడాదంతా ఒళ్లు విరుచుకోవాలి, లెక్క ఎప్పటికీ తెగదు. అయినా ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం వస్తాయి, ఆస్పత్రి బాకీ తీరుతుంది. నేను ఫైలు పట్టుకుని వెళ్లి ట్రైనింగ్ ఫ్రీ, సర్టిఫికెట్ ఇస్తాం, ఉద్యోగం ఇప్పిస్తాం అంటాను. మద్దూరు వైపు ఒక తండ్రి నన్ను చాలా మర్యాదగా అడిగాడు: "అన్నీ ఇస్తరు గని బిడ్డా, వాడు ఆడికి పోయినంక నెలదాక ఏం తింటడు?" నా దగ్గర జవాబు లేదు. పిల్లాణ్ని పంపలేదు ఆయన. తప్పని ఎలా అంటాను?

జీతం వచ్చిన రోజు కూడా ఇంకో గండం. దేవరకొండ దగ్గర తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆఫర్ లెటర్‌లో దాదాపు 14,000 అని ఉంది. ఆమె ఊళ్లో అందరికీ అదే చెప్పింది, వాళ్లమ్మ అదే లెక్కతో చిట్టీ పాడుకుంది. అకౌంట్లో పడింది 10,470. ఫోన్ చేసి ఏడుపు, "అక్కా, నన్ను మోసం చేసిన్రు" అని. (సెంటర్‌లో ఉన్నన్నాళ్లూ మేడం, బయటికి వెళ్లాక ఏదో ఒక కష్టం రాగానే అక్కా.) స్లిప్పు ఫోటో పంపమన్నాను, ఇద్దరం ఫోన్లోనే ఒక్కో లైనూ చదువుకున్నాం. అసలు జీతం 12,000. అందులో 12 శాతం పీఎఫ్, అంటే 1,440. ఈఎస్ఐ ముప్పావు శాతం, అంటే 90. లెటర్‌లో కనిపించిన పెద్ద అంకె కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా కలిపి రాసింది. ఆ 1,440 ఎక్కడికీ పోలేదమ్మా, నీ పేరు మీదే ఉంది, కంపెనీ కూడా దానికి అంతే కలిపింది, రేపు జ్వరమొస్తే ఈఎస్ఐ ఆస్పత్రిలో నీకు చూపించుకునే హక్కుంది అని చెప్తే, చాలాసేపటికి "మరి ఇది ముందే ఎవరూ చెప్పలే" అంది. నిజమే. మూడు నెలలు మేం గుడ్ మార్నింగ్ చెప్పడం, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో అన్నీ నేర్పాం, జీతం స్లిప్పు చదవడం నేర్పలేదు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ ఆఖరి వారంలో ఒక పూటంతా దానికే పెడుతున్నాను, పేర్లు కొట్టేసిన పాత స్లిప్పులు జిరాక్స్ తీసి పంచి, కాలిక్యులేటర్లు ఇచ్చి.

ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్లు జీతం కంటే ముందు బస్సు గురించి అడుగుతారు. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలున్నాయి, కంపెనీ బస్సు ఊరి రోడ్డు దాకా వస్తుందంటే పంపుతారు, రెండు కిలోమీటర్లు నడవాలంటే వద్దంటారు. నైట్ షిఫ్ట్ అంటే ఇంక మాటే లేదు. దీన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేస్తే లాభం లేదు, చీకట్లో ఆ రెండు కిలోమీటర్లు నడవాల్సింది ఆ పిల్ల కదా.

కాగితాల గొడవ ఎంత చెప్పినా తరగదు కాబట్టి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను: ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉంటే పీఎఫ్ నుంచి బ్యాంకు దాకా అన్నీ ఆగుతాయి, ట్రైనింగ్‌లో చేరిన మొదటి వారమే సరిచేయించుకోండి.

మళ్లీ ఆ ఆరు వేల దగ్గరికి వస్తాను. ఆ పిల్లాడు తిరిగొచ్చిన నెలలో వాళ్ల ఊళ్లో మహిళా సంఘాల మీటింగ్ ఉంటే, సంఘాల పని చూసుకునే ఐకేపీ సీసీని అడిగి నేనూ వెళ్లాను. వాళ్లమ్మ కూడా సంఘంలో సభ్యురాలే, మూలన కూర్చుని ఉంది. బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు, కిస్తీలు, ఎవరు కట్టారు ఎవరు కట్టలేదు, అన్నీ అయ్యాక లేచి ఈ సంగతి చెప్పాను. ఊళ్లో నుంచి ఒక పిల్లాడు ఉద్యోగానికి పోతే మొదటి నెలకు అయ్యే ఖర్చు ఇంత అని బోర్డు మీద రాశాను. హాస్టల్ అడ్వాన్సు 6,000, నల్ల బూట్లు 700, బస్ పాస్, చేతి ఖర్చు, అన్నీ కలిపి 9,000 దాకా. సంఘం పొదుపులోంచి ఇవ్వండి, రెండో జీతం నుంచి మూడు కిస్తీల్లో కడతాడు అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకామె, కట్టకపోతే ఎట్ల అంది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దామె, నోట్లో ఆకు నములుతూనే, "బర్రెకు ఇస్తలేమా? బర్రె సచ్చిపోయినా కడుతున్నం గదనే. మన పోరనికి ఇయ్యకుంటే ఎవరికిస్తం?" అంది. తీర్మానం ఆ రోజే రాసుకున్నారు, వేలిముద్రలు సంతకాలు అన్నీ పెట్టి. ఆ పిల్లాడి పాత సూపర్‌వైజర్‌కు నేనే ఫోన్ చేశాను, నిజంగానే మంచివాడు, వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పటికి నాలుగు ఊళ్లలో సంఘాలు ఇలా ఇస్తున్నాయి, పదకొండు మంది తీసుకున్నారు, ఒకరిద్దరు కిస్తీ ఆలస్యం చేశారు కానీ ఎగ్గొట్టినవాళ్లు లేరు. ఇది ఒక సెంటర్‌లో ఒక మనిషి తిరిగి తిరిగి చేసే పనిగా ఉండకూడదని నా కోరిక. పథకం ఇచ్చే ఆ నెలనెలా వెయ్యి మొత్తం చేరిన రోజే ఒక్కసారి చేతికిస్తే సగం మంది ఉద్యోగంలోనే నిలబడతారు, వెనక్కి రారు. కంపెనీలు కూడా పదిహేను రోజులకు సగం జీతం ఇవ్వొచ్చు, వాళ్లకు పోయేదేముంది, పని చేయించుకున్నాకే కదా.

ట్రైనింగ్‌లో చేరాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సెంటర్‌కు వెళ్లగానే గోడ మీది ఫోటోలు చూడకండి, పోయిన బ్యాచ్‌లో ఇద్దరి నంబర్లు అడగండి. ఎక్కడ చేరారు, చేతికి ఎంత వస్తోంది, ఎక్కడ ఉంటున్నారు అని వాళ్లనే అడగండి. నంబర్లు ఇవ్వడానికి తటపటాయిస్తే ఇంకో చోటు చూసుకోండి. నల్లగొండ వైపువాళ్లకు భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, అక్కడే ఉండి ఉచితంగా నేర్చుకోవచ్చు. ఊళ్లోనే సొంతంగా షాపు పెట్టుకోవాలనుకుంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు అనే ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి, వాటిలోనూ ఫీజు లేదు.

మొన్న ఆదివారం మద్దూరు వైపు నుంచి ఇంకో పిల్లాడు బయల్దేరాడు. వాళ్ల నాయిన నన్ను ఏం తింటాడు అని అడిగిన ఆయనే, ఈసారి చిన్నకొడుకు. సంఘం ఇచ్చిన డబ్బు లోపలి జేబులో పెట్టి వాళ్లమ్మ పిన్నీసు పెట్టింది. రేషన్‌లో వచ్చిన సన్నబియ్యం ఒక సంచీ కట్టి బస్సులోకి ఎక్కించారు. మొదటి రెండు నెలలు ఆ కోస్గి పిల్లాడి రూంలోనే ఉంటాడు, అక్కడ ఇప్పుడు మావాళ్లు నలుగురున్నారు, కుక్కర్ కూడా కొనుక్కున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఆ పాత నంబర్ నుంచే ఫోన్ వచ్చింది.

"అక్కా, దిగిండు. బియ్యం సంచి బస్సులనే మర్చిపోయిండు. డిపోకు పోతున్నం ఇద్దరం, దొరకంగనే చెప్త."