ఎనిమిది పెట్టెలు, ఒక బీరువా

రెండేళ్లకొకసారి జూన్ నెలలో మేము టెక్సస్ నుంచి విశాఖపట్నం వస్తాం. టికెట్టుకు రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోల చొప్పున నలుగురికి 184 కిలోలు తెచ్చుకోవచ్చునని విమానం వాళ్లు అంటారు. ఆ తెచ్చుకోవచ్చు అన్న మాటను తెచ్చితీరాలి అన్నట్టుగా మేము ఇన్నేళ్లూ చదువుకుంటూ వచ్చాం. పెట్టెలో ఇంకా రెండు కిలోల బరువుకు చోటుందని తూకం కొక్కెం చూపించిందంటే, ఆ రెండు కిలోలు నింపడానికి రాత్రి తొమ్మిదింటికి దుకాణానికి పరుగెత్తిన సందర్భాలున్నాయి. హైదరాబాదులో దిగాక, వేరే టికెట్టు మీద దేశీయ విమానం ఎక్కితే ఆ బరువుకు అదనంగా కట్టవలసి వస్తుందని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బెర్తుల కింద పట్టని పెట్టెలను నడవలో నిలబెట్టి, దారిన పోయే ప్రతివారికీ క్షమాపణ చెప్పుకుంటూ తెల్లవారాక విశాఖ స్టేషనులో దిగడం మా ఇంటి ఆచారమైపోయింది.

ఈసారి ఎం.వి.పి. కాలనీలో అమ్మ ఉంటున్న ఫ్లాటు గుమ్మంలో పెట్టెలు దించుతుంటే, చాలా ఏళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తున్నావిడ “ఏటమ్మా, మళ్లీ ఎనిమిదీనా?” అని నవ్వింది. పన్నెండేళ్ల మా పెద్దమ్మాయికి ఆ మాట అర్థమై నా వంక చూసింది. ఆ చూపుకు కారణం ఉంది. బయలుదేరడానికి వారం ముందు అది మూడో జత బూట్లు కావాలని అడిగితే నేను కాదన్నాను. కాదని ఊరుకోక, మా చిన్నతనంలో ఏడాదికి రెండు జతల బట్టలతో ఎలా గడిపామో, మీకు అమెరికా ఎంత పాడు అలవాటు నేర్పిందో ఒక అరగంట చెప్పాను.

చెప్పింది అబద్ధం కాదు. మా నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసేవారు. దసరాకు బోనసు చేతికి వచ్చిన మర్నాడు పూర్ణా మార్కెట్టు వైపు వెళ్లి, ఒకే తానులోంచి గుడ్డ కోయించి, అన్నయ్యకు చొక్కా, నాకు గౌను కుట్టించేవారు. ముక్క మిగిలితే దిండుకు గలీబు అయ్యేది. పండగనాడు మేమిద్దరం, మంచం మీద దిండు, ముగ్గురం ఒకే పువ్వుల్లో కనిపించేవాళ్లం. అయితే ఈ కథను పిల్లలకు చెప్పినప్పుడల్లా నేను ఒక సంగతి దాటవేస్తాను. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి, గ్యాసు కనెక్షనుకు పేరు రాయించి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. కొనకపోవడం మా నిగ్రహం కాదు. డబ్బు లేదు, ఉన్నా సరుకు దొరకదు. దొరకడం మొదలయ్యాక మేము ఏం చేశామన్నది అమ్మ గదిలోని బీరువా చెబుతుంది.

వచ్చిన మూడో రోజు, కొత్తగా తెచ్చిన సామాను సర్దడానికి చోటు కావాలని ఆ బీరువా తెరిచాను. పై అరలో చేతులకు రాసుకునే క్రీము సీసాలు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కదాని మూతకూ సీలు తీయలేదు. వాటి వెనుక రక్తపోటు చూసుకునే యంత్రాలు మూడు. మూడింట్లోనూ బ్యాటరీలు లేవు, ఎందుకంటే అమ్మ నెలకొకసారి వీధి చివరి మందుల షాపు కుర్రాడి దగ్గరే చూపించుకుంటుంది. కింది అరలో గడువు దాటి తెల్లబారిన చాక్లెట్లు, పెట్టె విప్పని కాఫీ యంత్రం, ధర చీటీలు ఊడని స్వెట్టర్లు ఉన్నాయి. విశాఖలో స్వెట్టరు! ఏ సంవత్సరం, ఏ తగ్గింపు ధర చూసి, ఏ మైకంలో కొన్నానో నాకే తెలియదు. నేను తెచ్చినవాటిలో అమ్మ నిజంగా వాడుకున్నది ఒకటే: వస్తువులు చుట్టి తెచ్చిన జిప్ సంచులు. వాటిని కడిగి, వంటింటి బాల్కనీలో తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసుకుని, ఎండుమిర్చికీ చింతపండుకూ తిరిగి తిరిగి వాడుతోంది.

“వాడుకోవచ్చు కదమ్మా, ఇన్ని ఎందుకు దాచావు?” అని అడిగితే, “నువ్వు తెచ్చినవి కదే, అయిపోతే ఎలా?” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాన్న పోయినప్పుడు నేను రెండు రోజులు ఆలస్యంగా చేరాను. ఆ తరువాతి ప్రయాణంలోనే పెట్టెలు ఆరు నుంచి ఎనిమిది అయ్యాయి. అప్పటికి చిన్నవాడు పుట్టాడు, వాడికీ టికెట్టు వచ్చింది కనుక పెరిగాయని ఇంతకాలం అనుకున్నాను; కానీ ఉన్న చోటునంతా నింపి తేవడం మాత్రం టికెట్టు చెప్పిన పని కాదు. మా ఊరివాళ్లు ఎవరి ఇళ్లకు వెళ్లినా ఇలాంటి బీరువా ఒకటి కనిపిస్తుంది, దాన్ని తెరిచి చూపించేవాళ్లు తక్కువ.

అమ్మను మాత్రం పొదుపరి అనలేను. మంచం కింద మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు, అటక మీద ఖాళీ నూనె డబ్బాలు, రెండు కిరోసిన్ లాంతర్లు, లెక్కలేనన్ని బకెట్లు ఉన్నాయి. వాటిని తీసేద్దామని నేనన్నప్పుడు ఆవిడ నాకు 2014 అక్టోబరు 12 గుర్తు చేసింది. ఆ ఆదివారం హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికే వచ్చింది. ఊరిలో చెట్టన్నది నిలవలేదు, రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి రాలేదు, ఫోన్లు పలకలేదు. టెక్సస్‌లో నేను ఫోను చేతబట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లో అమ్మా నాన్నా ఈ డ్రమ్ముల్లోని నీళ్లతో, ఈ లాంతర్ల వెలుగులో గడిపారు. కాబట్టి డ్రమ్ముల జోలికి నేను వెళ్లలేదు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో, మంచం కింద దాచినదానికి ఒక లెక్క ఉంది, బీరువాలో దాచినదానికి లేదు. ఆ తేడాను పిల్లలకు ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియడం లేదు.

స్వెట్టర్లూ, పిల్లలు వేసుకోకుండానే పొట్టివైపోయిన చొక్కాలూ ఒక మూట కట్టాం. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని కేక వేస్తూ వచ్చినప్పుడు అమ్మ ఆవిడను మేడ మీదికి పిలిచింది. మూట విప్పి ఒక్కొక్కటీ వెలుగుకు ఎత్తి చూసి, ఆవిడ పెదవి విరిచింది. “ఇవి సాగే గుడ్డలమ్మా, ఎవులు కొంటారు? జరీ చీరలుంటే తియ్యండి.” ముప్పావుగంట బేరం జరిగింది. నా లెక్కలో మూడు వందల డాలర్లకు తక్కువ కాని మూటకు చివరికి తేలినది ఒక మూత గిన్నె. దానికి కూడా అమ్మ రెండు పాత వాయిలు చీరలు కలపవలసి వచ్చింది. మా అమ్మాయి ఈలోగా చొక్కాల మెడ దగ్గరి చీటీలు చదువుతూ కూర్చుంది. వాటిలో సగం బంగ్లాదేశ్‌లో కుట్టినవి. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న దేశంలో కుట్టిన చొక్కా టెక్సస్ వెళ్లి, అక్కడ ఎవరి ఒంటి మీదికీ ఎక్కకుండా, బంగాళాఖాతం ఒడ్డునే ఉన్న విశాఖకు తిరిగి వచ్చి గిన్నెలో సగం వాటా అయిందన్నమాట.

ఆ సాయంత్రం పనిచేసే ఆవిడ కూతురు వచ్చింది. అచ్యుతాపురంలో సుమారు వెయ్యి ఎకరాల్లో వెలసిన దుస్తుల పార్కులో కుట్టుపని చేస్తోంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడపిల్లలను తీసుకెళ్లే బస్సులు పొద్దున్నే ఆ దారిన బారులు తీరి కనిపిస్తాయి. నేను తెచ్చిన ఒక టాపు ఆ అమ్మాయికి ఇచ్చాను. రంగు చూడలేదు, ఒంటికి ఆనించుకోలేదు. ముందుగా లోపలివైపు తిప్పి, చంక దగ్గర కుట్టు మీద వేలు పెట్టి లాగి చూసింది. “ఇలాంటివి మా లైన్లో పొద్దున్నించీ పోతూనే ఉంటాయక్కా” అని నవ్వి, మడత పెట్టుకుని తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో నేను తెచ్చిన వస్తువును అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకొకరు లేరు.

పిల్లలకు అమెరికా నేర్పిన అలవాటు అని నేను అంటున్నదానిలో కొంత నిజం లేకపోలేదు. లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001 నుంచి 2005 వరకు అక్కడి 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను గది గదీ లెక్కపెట్టి చూశారు. నాలుగింట మూడు వంతుల గరాజ్‌లలో సామాను నిండిపోయి కారు పెట్టుకునే చోటే లేదట. ప్రపంచంలోని పిల్లల్లో అమెరికాలో ఉన్నది 3 శాతం పైచిలుకే అయినా, బొమ్మల కొనుగోళ్లలో 40 శాతానికి పైగా అక్కడివేనని కూడా వారు రాశారు. మా గరాజ్‌లో మా కార్లు రెండూ పట్టవు. ఎండకు, వడగళ్లకు వాకిట్లో నిలబడే కార్ల విలువ లోపల నీడపట్టున ఉన్న సామాను విలువకు ఎన్నో రెట్లు. ఆ సామానులో పిల్లల బొమ్మలు ఒక మూలకే ఉన్నాయి. మిగతాదంతా మేమిద్దరం కొన్నదే, అందులో మూడు పెట్టెలు తరువాతి విశాఖ ప్రయాణానికని ముందుగా కొని పెట్టినవి.

ఇక్కడి పరిస్థితి వేరుగా ఉందని చెప్పి పిల్లలను నమ్మించలేను. అమ్మ ఫ్లాటు కింద సరుకులు తెచ్చే కుర్రాళ్ల మోటారు సైకిళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆగుతూనే ఉంటాయి. చిన్నవాడికి ఏటికొప్పాక లక్కబొమ్మలు కొనిచ్చాను; అంకుడు కర్రతో చేస్తారని, చెట్టు రంగులు వేస్తారని, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పాను. బొంగరం ఒక గంట తిప్పాడు. తరువాత ట్యాబ్ ఎక్కడ పెట్టావని అడిగాడు.

పెద్దమ్మాయి సంగతి అలా కాలేదు. వంటింట్లో అమ్మ పప్పులు పోసుకునే స్టీలు డబ్బా మీద చుక్కలు చుక్కలుగా ఏదో ఉందని అది గమనించింది. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని “చి.ల.సౌ.” అని చదివి, ఆ పేరు ఎవరిదని అడిగింది. అది పేరు కాదని, పెళ్లికూతురి పేరుకు ముందు వేసే మాటని చెప్పి, ఆ పక్కన ఉన్న అమ్మ పేరు, 1976 మే నెల తేదీ, ఇచ్చిన మేనత్తగారి పేరు అమ్మ వేలితో చూపించింది. ఆ రోజుల్లో పాత్రల కొట్టులో కూర్చున్న మనిషి చిన్న ఉలితో ఒక్కొక్క చుక్కా కొట్టి పేరు వేసేవాడట. పెద్దమ్మాయి స్టూలు మీదికెక్కి అటక మీది గిన్నెలు, చెంబులు, పళ్లాలు అన్నీ దింపించి, ఎవరి పేరుంటే వారెవరో అడిగి, రెండు మధ్యాహ్నాలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. నలభై మూడు పాత్రలు. నలభై మూడింటికీ ఇచ్చినవాళ్లు ఎవరో అమ్మకు తెలుసు. బీరువాలోవి ఎప్పుడెప్పుడు తెచ్చానో నేను చెప్పబోతే రెండు మూడు దగ్గర ఆగిపోయాను.

బయలుదేరే ముందు అమ్మ, చొక్కాలకు వచ్చిన ఆ మూత గిన్నె మీద మనవరాలి పేరు కొట్టించి తెచ్చింది. ఇప్పుడు ఉలి లేదు, కరెంటు పిన్నుతో నిమిషంలో రాసిచ్చారట. తిరుగు ప్రయాణంలో పెట్టెలు ఆరే అయ్యాయి. ఆవకాయ, సున్నుండలు, జాకెట్లు కుట్టించుకున్న ఏడు చీరలు అందులో ఉన్నాయి; ఆ ఏడింటిలో నాలుగు ఏ పండక్కి కడతానో ఇంకా తేల్చుకోలేదు.

టెక్సస్ చేరిన మర్నాడు పక్కింటావిడ రెండు అట్టపెట్టెలు తెచ్చిచ్చారు. మేము బయలుదేరిన రోజే మా గుమ్మంలో దించి పోయారట, ఎండలో ఉంటే పాడవుతాయని ఆవిడ ఇంట్లో పెట్టి ఉంచారు. చీటీ మీద నా పేరే ఉంది. పెద్దమ్మాయి తన గిన్నెలో అటుకులూ పాలూ కలుపుకు తింటూ, “ఇవేంటమ్మా?” అని అడిగింది. కత్తెర చేతిలో పట్టుకుని నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.