ఎండాకాలం ట్యాంకు లాగ్: తెల్లవారుజాము లెక్క

మా భీమవరం ఇంట్లో ఉన్నది 2 అడుగుల చేపల ట్యాంకు. గులకరాళ్లు పోను 45 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. అందులో రోజీ బార్బ్‌లు, మోలీలు, ఒక గౌరామి. మొక్కలు కాస్త గుబురుగానే ఉన్నాయి.

ఏప్రిల్ మొదట్లో

మధ్యాహ్నానికి నీళ్లు 31 డిగ్రీలు దాటుతున్నాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. పైగా వేడికి చేపలకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగే నెలలన్నమాట.

తెల్లవారుజామున, లైటు వేయకముందే టార్చితో చూడటం మొదలుపెట్టాను. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలే రాత్రంతా మనలాగే దాన్ని వాడుకుంటాయి కాబట్టి లోటు బయటపడేది ఆ వేళే. మోలీలకు పైపైన తిరగడం అలవాటే, వాటిని చూసి టెన్షన్ పడక్కర్లేదు. గౌరామి కూడా లెక్కలోకి రాదు, కొరమీనులాగే అది పైగాలి పీల్చుకుని బతకగలదు. నేను చూసేది బార్బ్‌లను. ఎప్పుడూ మధ్యలో తిరిగేవి ఇవాళ నీటి అంచున చేరి గుటకలు వేస్తున్నాయి, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

ఏప్రిల్ మూడో వారం

ఎయిర్ పంపు ఆడుతూనే ఉంది, బుడగలూ బాగానే వస్తున్నాయి. కానీ బుడగ నీళ్లలో ఉండేది ఒకటి రెండు క్షణాలు, దానిలోంచి కరిగేది కొంచెమే. గాలిలోని ఆక్సిజన్ అసలు నీళ్లలోకి చేరేది నీటి పైభాగంలో. బుడగ చేసే పెద్ద మేలు అడుగు నీళ్లను పైకి తెచ్చి అక్కడ కదిలించడం. మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరియేటర్లు చేసేదీ అదే, చక్రాలతో నీళ్లను పైకి చిమ్మడం.

అందుకని ముందు పైన పేరుకున్న జిడ్డు పొర తీశాను. టిష్యూ పేపరు నీటి మీద పరిచి మెల్లగా లాగితే పొర దానికే అంటుకు వస్తుంది. నీటి మట్టం అంగుళం దించాను, వెనక తగిలించిన ఫిల్టరు నీళ్లు ఇప్పుడు ఎత్తు నుంచి చప్పుడు చేస్తూ పడుతున్నాయి. ఆ చప్పుడు ఇంట్లో అందరికీ నచ్చలేదనుకోండి. మర్నాటి నుంచి బార్బ్‌లు పైకి రావడం తగ్గింది.

మే నెల

అద్దం మూత తీసేసి దోమల నెట్ బిగించాను. పక్క నుంచి చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పాను. ఇక్కడి ఉక్కలో 2 డిగ్రీలు తగ్గితే గొప్పే, కానీ అదీ పనికొచ్చింది. ఆవిరైన నీళ్లు రోజూ పోయాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేశాకే.

మేత సగం చేశాను. మిగిలిన మేత కుళ్లేటప్పుడు తినేది కూడా ఈ ఆక్సిజన్నే.

రోహిణి కార్తెలో కరెంటు కోతలు తప్పవు. పంపు ట్యాంకు కన్నా కింద ఉంటే, అది ఆగినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి జారి పంపులోకి, ప్లగ్గుదాకా రావచ్చు. ట్యూబు మధ్యలో నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి, చాలావాటి మీద గాలి ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది. కోత ఎక్కువసేపుంటే బ్యాటరీ పంపు. అది లేని పూట చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోయడం. చేతులు నొప్పెడతాయి గానీ పనిచేస్తుంది.

జూన్

బోరు నీళ్ల సున్నం పట్టి ఎయిర్ స్టోన్ (ట్యూబు చివర గాలిని బుడగలుగా వదిలే రంధ్రాల రాయి) మూసుకుపోయింది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, బాగా కడిగి, ఆరబెట్టి పెట్టాను. సగం రంధ్రాలే తెరుచుకున్నాయి. పాతికో యాభయ్యో పెడితే కొత్తదే వస్తుంది, ఈసారి నానబెట్టను. పంపు కూడా గరగర మంటోంది, గాలి పలచబడింది. లోపల గాలిని నెట్టే రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, సాగిపోయినట్టుంది. షాపతను కొత్త పంపే తీసుకోమంటున్నాడు. ముందు రబ్బరు ముక్క దొరుకుతుందేమో వెతుకుతున్నాను.