తేలుకుంచి కొంగలు

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్లొచ్చాం. ఇళ్ల పక్క చెట్ల మీదే ఓపెన్‌బిల్ కొంగల గూళ్లు. కింద నిలబడితే వాసన, పైనుంచి రెట్ట పడుతుందని టెన్షన్! ఊళ్లోవాళ్లకి మాత్రం అవి రావడమే శుభం, ఎవరూ తరమరు.

పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు అది ఉండదు, ఎదిగేకొద్దీ వస్తుంది. తిండి ఎక్కువగా నత్తలే కాబట్టి వరిపొలాలూ చెరువులూ ఉన్నచోటే వీటి కాపురం.

ప్రపంచ లెక్కల్లో ఈ జాతికి ఇప్పుడు పెద్ద ముప్పు లేదట. సరే, కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు ఎన్ని చెట్లు కూలాయో మనకు తెలుసు. గూళ్లు మోసే చింతచెట్టు ఒక్క ఏడాదిలో ఎదగదు కదా. ఎవరైనా చెరువు గట్టున మొక్కలు నాటుతుంటే చెప్పండి, నేనూ వస్తాను.