పొగమంచులో సముద్రం పక్కన సైకిళ్లు

ఉదయం ఆరున్నరకి మేం చేరేసరికి హోరు వినిపిస్తోంది కానీ సముద్రం కనిపించలేదు. "సముద్రం ఏదమ్మా?" అంది పాప. హోరు వచ్చే వైపు చెయ్యి చూపించాను. చూపు 1 కిలోమీటరు లోపే ఆగిపోతే దాన్ని పొగమంచు అంటారు. మాకు ఆ పూట పదిహేను అడుగుల అవతల ఏమీ లేదు. చల్లటి నీళ్ల మీదుగా వెచ్చటి తేమగాలి వస్తే ఇలాగే కమ్మేస్తుంది.

అయినా వెనక్కి వెళ్లాలనిపించలేదు. ఆటుపోట్ల పట్టిక చూసుకుని వారం ముందే ఎంచుకున్న వేళ అది. నీళ్లు బాగా వెనక్కి తగ్గి, తడి ఇసుక గట్టిగా ఉన్నప్పుడే పిల్లలు తొక్కగలరు. పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. మర్నాటికి ఆ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కూడా. టైర్లలో గాలి కాస్త తగ్గించాం. అలా చేస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు.

ముందు మా ఆయన, తర్వాత బాబు, పాప, చివర నేను. లైట్లు నేలవైపు వంచుకున్నాం. ఎదురుగా వేస్తే వెలుగు మంచుకి కొట్టుకుని మన కళ్లలోకే వస్తుంది. ఒకసారి బెల్ కొడితే 'ఉన్నాను', రెండుసార్లు కొడితే 'ఆగండి'. అలల హోరులో మాట కలిసిపోతుంది, బెల్ మాత్రం విడిగా వినిపిస్తుంది.

కనిపించేది తక్కువైతే దగ్గరున్నవే కంట్లో పడతాయి. బ్రేకు తీగ మీద నీటిబొట్లు వరసగా పేరుకున్నాయి. మా ఆయన కనుబొమలు తెల్లబడ్డాయి. చక్రం వెళ్లిన చోట తడి ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్టు పాలిపోయి, మళ్లీ నల్లబడుతోంది. నొక్కితే ఇసుక రేణువులు కాస్త ఎడంగా జరుగుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. 1885లోనే ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. పాపకి చెప్పాక సైకిల్ దిగి కాలితో నొక్కి చూసింది, మళ్లీ నొక్కింది, అక్కడి నుంచి కదలదే!

తిరుగు ప్రయాణంలో నా చైన్ ఊడింది. రెండుసార్లు బెల్ కొట్టి, వంగి ఎక్కించుకుని తలెత్తితే పాప ఎర్ర లైటు లేదు. ఒకసారి కొట్టాను. ముందు నుంచి రెండు బెల్లులే వచ్చాయి. మూడోది రాలేదు. గుండె ఆగినంత పనైంది. పేరు పెట్టి అరిచాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

ఇసుక వైపు చూశాను. అన్నిటికంటే సన్నని టైరు పాపది. ఆ గీత మిగతా వాటిని వదిలేసి కుడిపక్కకి, నీళ్లవైపుకి తిరిగింది. సైకిల్ వదిలేసి దాని వెంట పరిగెత్తాను. కొంత దూరం పోయాక నురగ వచ్చి గీతని చెరిపేసింది. పోటు మొదలైంది.

పాప అక్కడే ఉంది. చీలమండల దాకా నీళ్లలో, పడిపోయిన సైకిల్ హ్యాండిల్ ఎత్తి పట్టుకుని, బొటనవేలితో బెల్ మీట నొక్కుతోంది. "కొడుతూనే ఉన్నానమ్మా, మోగట్లేదు" అంది. బెల్ నిండా ఇసుక. నేను ఏమీ అనలేకపోయాను. దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. తడిసిన జుట్టు ఉప్పు వాసన వేస్తోంది.

మిగతా దారంతా సైకిళ్లు దిగి, పక్కపక్కనే నడిపించుకుంటూ వచ్చాం. ఇంకోసారి పొగమంచులో వెళ్తే పిల్లల మెడలో ఈల కూడా వేస్తాను.

ఇంటికి రాగానే సైకిళ్లని మంచినీళ్లతో కడిగాం, చైన్లు తుడిచి నూనె వేశాం. ఉప్పు ఒక్కరోజు ఆగినా తుప్పు పడుతుంది. మా ఆయన పాప బెల్ మూత విప్పితే చెంచాడు ఇసుక రాలింది. బిగించాక పాప ఒకసారి కొట్టి చూసింది. వెనక పెరట్లోంచి వాళ్ల అన్న బెల్ ఒకసారి మోగింది.