పొలిమేర మూసుకుపోతే: ‘అండర్ ద డోమ్’ చదివాక

దయ్యాల కథలు నన్ను పెద్దగా భయపెట్టవు. పాడుబడ్డ గడి, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు, చదువుతున్నంతసేపూ బాగానే ఉంటాయి, పుస్తకం మూస్తే అయిపోతుంది. కానీ ఒక ఊరికి బయటికి పోయే దారులన్నీ తెగిపోయి, లోపల ఉన్న మనుషులు లోపల ఉన్న సరుకుతోనే బతకాల్సి వచ్చే కథ చదివితే మాత్రం చాలా రోజులు వదలదు, బజారుకు పోయినా, నల్లా దగ్గర బిందె పెట్టినా అదే గుర్తొస్తుంది. స్టీఫెన్ కింగ్ రాసిన ‘అండర్ ద డోమ్’ నాకు అలాంటి నవల. 2009 నవంబర్‌లో వచ్చింది, ఇంగ్లీషు హార్డ్‌కవర్ వెయ్యి పేజీలు దాటుతుంది. అంత లావు పుస్తకమా అని పక్కన పెట్టకండి, మొదటి యాభై పేజీలు దాటితే అదే లాక్కుపోతుంది.

కథ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, చెస్టర్స్ మిల్ అనే చిన్న టౌన్‌లో జరుగుతుంది. అక్టోబర్ నెలలో ఒక శనివారం పూట, ఏ హెచ్చరికా లేకుండా కంటికి కనపడని గోడ ఒకటి ఊరి మీద దిగుతుంది. ఎక్కడ దిగుతుందంటే సరిగ్గా పొలిమేర మీద. ఎగురుతున్న చిన్న విమానం దానికి గుద్దుకుని ముక్కలైపోతుంది, రోడ్డు పక్కన పోతున్న జంతువు నిలువునా రెండుగా తెగుతుంది, పెరట్లో కూరగాయలు కోసుకుంటున్న ఆవిడకు చెయ్యే తెగిపోతుంది. పోలీస్ చీఫ్ దాని దగ్గరికి వెళ్ళగానే గుండెలో పెట్టిన పేస్‌మేకర్ పేలి చనిపోతాడు. ఆ తర్వాత సైన్యం బయటి నుంచి క్షిపణి వేస్తుంది, గోడకు గీత కూడా పడదు. ఇదంతా మొదటి కొన్ని అధ్యాయాల్లోనే తెలిసిపోతుంది కాబట్టి చెప్పేస్తున్నాను, చివర్లో ఏమవుతుందో మాత్రం చెప్పను.

గోడ పారదర్శకం. అవతల ఉన్నవాళ్ళు కనపడతారు, మాట వినపడుతుంది, సెల్‌ఫోన్లు పనిచేస్తాయి. అయినా గ్లాసు నీళ్ళు అందించలేరు. నాకు ఇదే అన్నిటికంటే ఘోరం అనిపించింది. అన్న ఒక పక్క, చెల్లె ఇంకో పక్క కూర్చుని మాట్లాడుకోవచ్చు, ముట్టుకోలేరు, ఏమీ ఇవ్వలేరు.

అసలు నవల మొదలయ్యేది ఆ తర్వాత. కరెంటు తీగలు తెగిపోయాయి కాబట్టి ఊరంతా జనరేటర్ల మీద ఆధారపడుతుంది, జనరేటర్లకు ప్రొపేన్ గ్యాస్ కావాలి. ఊరి గోదాములో ఉండాల్సిన గ్యాస్ ట్యాంకులు మాయమైపోయి ఉంటాయి, ఆసుపత్రి వాడే గ్యాస్ కూడా అందులో ఉంటుంది. ఎవరు తీశారు? బిగ్ జిమ్ రెనీ అనే పెద్దమనిషి. పాత కార్లు అమ్ముకునే వ్యాపారి, టౌన్‌ను నడిపే ముగ్గురిలో రెండోవాడు. పేరుకు మొదటి స్థానంలో ఉన్నవాడు మందుల షాపాయన, కానీ పెత్తనమంతా ఈ రెండోవాడిదే. నోట్లోంచి ఒక్క బూతు మాట రాదు, ప్రార్థన తప్పడు, లోపల మాత్రం మత్తుమందు వ్యాపారం నడుపుతుంటాడు. గోడ దిగడం అతనికి కష్టం కాదు, అవకాశం. పోలీసులు చాలరని చెప్పి తన కొడుకునూ వాడి స్నేహితులనూ, ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న పోకిరీలను, యూనిఫాం ఇచ్చి దింపుతాడు. ఊళ్ళో ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్ మూయించి, జనం అక్కడ గుమిగూడేసరికి గొడవ లేచేటట్టు తనే ఏర్పాటు చేసి, చూశారా, కట్టడి లేకపోతే ఇట్లా ఉంటుంది అంటాడు. సాక్షాత్తు అమెరికా అధ్యక్షుడే ఇంకొకరికి అధికారం ఇస్తూ ఉత్తరం పంపితే లెక్కచేయడు. చెయ్యడు మరి, అధ్యక్షుడు గోడకు అవతల కదా ఉన్నాడు.

కింగ్ ఇందులో చేసిన గొప్ప పని ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. భయాన్ని ఆయన లెక్కల్లో పెట్టాడు. ఎంత గ్యాస్ మిగిలింది, ఎంతమందికి మందులున్నాయి, లోపల గాలి ఇంకెన్నాళ్ళు పీల్చుకోవచ్చు, గోదాము తాళంచెవి ఎవరి జేబులో ఉంది. గోడను ఎవరు దించారన్నది చదివేవాడికి కొన్ని గంటల ఆసక్తి మాత్రమే, తాళంచెవి ఎవరి దగ్గరుందన్నది ఆఖరి పేజీదాకా గుండె పట్టుకునే టెన్షన్. అంతా వారం రోజుల కొంచెం పైచిలుకులో జరిగిపోతుంది. వారంలోనే! పక్కింటివాళ్ళతో మిఠాయి పంచుకోవడం నుంచి పోలీసు దెబ్బలదాకా రావడానికి అంతకంటే ఎక్కువ టైం పట్టదని ఆయన అంటే, కాదని చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

లోపాలు లేవని కాదు. పాత్రలు మరీ ఎక్కువ, పేర్లు రాసుకుంటూ చదవాలి. బిగ్ జిమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగు, ఎక్కడైనా ఒకచోట తడబడి ఉంటే ఇంకా భయం వేసేది. గోడ వెనక ఉన్న కారణం చెప్పిన తీరు కూడా అంత బరువు మోసిన కథకు తేలికైపోయింది. కింగ్ ఈ ఆలోచనతో 1976లోనే మొదలుపెట్టి, కొన్ని పేజీలు రాసి వదిలేశారు, మళ్ళీ పట్టుకుని పూర్తి చేయడానికి ముప్పై ఏళ్ళు దాటింది. టీవీ సీరియల్ కూడా 2013 నుంచి 2015 దాకా వచ్చింది, అది వేరే దారి పట్టింది, పుస్తకం చదివినవాళ్ళకు అది అక్కర్లేదు.

ఇక నేను అసలు రాయాలనుకున్న విషయం. ఈ కథ మన దగ్గర, మన తెలుగులో ఎందుకు రాలేదని నాకు చాలా బాధ. పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఊరు మూసుకుపోవడం అంటే ఊహించుకోవాల్సిన సంగతే కాదు.

బొడ్రాయి పండగ చూశారా? ఊరికి కాపలా దేవతగా ఊరి నడుమ నాటే రాయి బొడ్రాయి, దాని ప్రతిష్ఠ చేస్తున్నప్పుడు బతుకుదెరువుకు బొంబాయి, పుణె, హైదరాబాద్ పోయినవాళ్ళంతా వచ్చేస్తారు, పెళ్ళిళ్ళై పోయిన ఆడబిడ్డలను పిల్లలతో సహా పిలుచుకుంటారు, ఇంటింటికీ యాట తెగుతుంది. రాత్రి ఊరి చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లి ఊరికి కట్టు కడతారు. చాలా ఊళ్ళలో ఆ కట్టు ఉన్నంతసేపూ బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు పొలిమేర దాటకూడదు. మా నాయనమ్మ చెప్పేది, “కట్టు కట్టినంక ఎవ్వలు దాటొద్దు బిడ్డా, దాటితె చేసిందంత పోతది” అని. చిన్నప్పుడు ఆ రాత్రి పొలిమేర వైపు చూడాలంటేనే మాకు భయం.

ఇప్పుడు ఆలోచించండి. పొద్దున లేచి బొంబాయి బస్సుకు పోదామని సంచి భుజాన వేసుకున్నవాడు పొలిమేర దగ్గర ఆగిపోతే? కట్టు విడవకపోతే?

అంతే, నవల మొదలైపోయింది. ఆ రోజు ఊళ్ళో మామూలుగా ఉండే జనానికి రెండింతలో మూడింతలో ఉంటారు. గొర్రెలూ మేకలూ నిన్ననే కోసుకుని తిన్నారు. బియ్యం పండక్కు తెచ్చుకున్నవే. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్‌కు నెట్‌వర్క్ లేదు, కాబట్టి డీలర్ ఇస్తే ఉంది, ఇవ్వకపోతే లేదు. కిరాణా కొట్టాయన మూడో రోజు ఉద్దెర ఆపేస్తాడు, ఇరవై ఏళ్ళుగా ఖాతా ఉన్న ఇంటికి కూడా. షుగర్ సూది మందు ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్‌కు కరెంటు లేదు. ఊళ్ళో ఉన్న ఆరెంపీ డాక్టర్ దగ్గర సెలైన్లు ఎన్ని ఉంటాయి?

చెస్టర్స్ మిల్‌లో నింద మోయడానికి ఒక బయటివాడు దొరికాడు, హోటల్లో వంట చేసే మాజీ సైనికుడు డేల్ బార్బరా. బొడ్రాయి కట్టులో ఆ అవకాశం కూడా లేదు. అందరూ ఊరివాళ్ళే, అందరూ చుట్టాలే. అప్పుడు వేలు ఎవరి మీదికి పోతుంది? మనందరికీ తెలుసు. బాణామతి, అంటే చేతబడి, చేసిందని. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె, లేకపోతే ఎవరితోనూ కలవని పేదవాడు. ఆ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు తెలంగాణలో నిజంగా జరిగాయి, అది కూడా దారులు తెరిచే ఉండి, పోలీస్ స్టేషన్ పక్క మండలంలోనే ఉండగా. ఇక దారి మూసుకుపోతే ఎంతసేపు పడుతుంది? కింగ్‌దే ఇంకో పెద్ద కథ ఉంది, ‘ద మిస్ట్’, 1980లో వచ్చింది. పొగమంచులో రాక్షస జంతువులున్నాయని ఒక సూపర్‌మార్కెట్‌లో ఇరుక్కుపోయిన జనం, ఇది దేవుడి కోపం, బలి ఇవ్వాలి అని అరిచే ఒక ఆవిడ వెనక మెల్లమెల్లగా చేరుతుంటారు. మొదటి రోజు ఆమెను చూసి ముఖం చిట్లించుకున్నవాళ్ళే. ఆ కథలో నాకు నిద్ర పట్టనివ్వనిది అది, బయటి జంతువులు కాదు.

ఇంకొక ప్రశ్న ఉంది, దీన్ని తప్పించుకుని రాసే తెలుగు నవల అబద్ధపు నవల అవుతుంది. గోడ పొలిమేర మీద దిగితే దళితవాడ ఎటు పక్క? లోపలే అనుకుందాం. బావి దగ్గర లైన్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక? మామూలు రోజుల్లో పైకి సర్దుకున్నట్టు కనపడేవన్నీ నాలుగో రోజుకు బయటపడతాయి.

నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండి, తరాల తరబడి మనుషుల ఎముకలు వంచేసింది. ఇప్పుడు పైపుల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఆ పైపు పొలిమేర దగ్గర తెగిపోయిందనుకోండి, మళ్ళీ ఆ పాత చేతి పంపు దగ్గరికే పోవాలి. దాహం తీరాలంటే అవే తాగాలి, తాగితే ఏమవుతుందో ఆ వాకిట్లోనే కూర్చున్న తాత కాళ్ళు చూస్తే తెలుస్తుంది. ఇంతకంటే భయం కావాలంటే దయ్యాన్ని ఎక్కడినుంచి తేవాలి?

మన వైపు నిజంగా దారులు తెగిన సందర్భాలు తక్కువేం కాదు. కింగ్ నవల వచ్చిన ఏడాదే, 2009 అక్టోబర్ మొదటి వారంలో, తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగి శ్రీశైలానికి ఇరవై ఐదు లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చినప్పుడు అలంపూర్, రాజోలి ఏమయ్యాయో అక్కడివాళ్ళను అడగండి. రాజోలిలో నేతగాళ్ళ ఇళ్ళూ మగ్గాలూ నీళ్ళలో పోయాయి. గద్వాల దగ్గర గుర్రంగడ్డ ఊరు కృష్ణ నడుమ దీవి, ఏరు పొంగితే పడవ కూడా నడవదు. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది దాటితే నల్లమల లోపలికి బండ్లను పోనివ్వరు, గేటు పడిన తర్వాత అడవి లోపల చెంచులుండే పెంటల్లో, ఆ చిన్న గూడేల్లో, ఎవరికి ప్రాణం మీదికొచ్చినా తెల్లారేదాకా ఎంత కష్టమో ఆలోచించండి.

2020 మార్చి చివర్లో మాత్రం ఎవరూ గోడ దించలేదు, మనమే దించుకున్నాం. ఊరూరా పొలిమేర దగ్గర ముళ్ళకంపలు, మొద్దులు, ఎద్దులబండ్లు అడ్డం పెట్టి, కట్టెలు పట్టుకుని యువకులు కాపలా కూర్చున్నారు. బొంబాయి నుంచి నడిచి వచ్చిన పాలమూరు కూలీలు కంపకు అవతల నిలబడ్డారు. ఇవతల వాళ్ళ అమ్మ ఉంది, కనపడుతోంది, మాట వినపడుతోంది. భయపడ్డవాళ్ళను నేను తప్పు పట్టను, అప్పుడు అందరికీ ప్రాణభయమే. కానీ కట్టె పట్టుకున్న పిల్లల్లో కొందరి కళ్ళలో ఒక సంబరం కనపడింది, మొదటిసారి తమ మాట ఎవరో వింటున్నారన్న సంబరం. బిగ్ జిమ్ కొడుకు యూనిఫాం వేసుకున్న పేజీలు చదివినప్పుడు నాకు ఆ ముఖాలే గుర్తొచ్చాయి.

అచ్చంపేట, దేవరకొండ, కొల్లాపూర్, గద్వాల, ఎటువైపు వాళ్ళైనా సరే, ఇలాంటి నవల ఎవరైనా రాస్తుంటే దయచేసి ఆపకండి. కట్టు ఎందుకు విడవలేదో చివర్లో చెప్పకపోయినా నాకు పర్వాలేదు. ఊళ్ళో గ్యాస్ బండలు ఎన్ని, బియ్యం ఎన్ని క్వింటాళ్ళు, గోదాము ఎవరిది, బావి ఏ పక్క ఉంది, ఇవి మాత్రం రాసే ముందే కాగితం మీద వేసుకోండి. తెలంగాణ మాటలోనే రాయండి, ఆ సర్పంచ్ భర్త, ఆ మిల్లు సేటు పుస్తకాల భాష మాట్లాడితే ఎవరూ నమ్మరు. పూర్తయ్యాక చదవడానికి నేను సిద్ధం, వెయ్యి పేజీలైనా సరే.